కావిపూత, లావెండర్ చుక్కలు, నా కుడికన్ను

నుదుటి మీద అక్కి లేచినవాళ్ళు, ఇంట్లో లావెండర్ నూనె సీసా ఉన్నవాళ్ళు దీన్ని చదివితే చాలు. ముఖ్యంగా ఆ రెండూ ఒకే వారంలో ఒకే మనిషికి జరిగితే తప్పకుండా చదవాలి. నాకు అలాగే జరిగింది. జబ్బు మొదలైంది పోయిన జూలై తొమ్మిది, మంగళవారం. ఆఖరి పరీక్ష నవంబరు పద్దెనిమిది, సోమవారం. రెండు తేదీలనూ కలుపుకుంటే నూట ముప్పై మూడు రోజులు. ఇప్పుడు మనసు నిలకడగా ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయగలననుకుంటున్నాను.

నాకు డెబ్బై రెండేళ్ళు. మాది తమిళనాడులో రాజపాళయం. ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాండేజి గుడ్డ నేసే చోట చెకింగ్‌లో పనిచేశాను. అంగుళానికి నిలువు పోగులెన్ని, అడ్డపోగులెన్ని అని చిన్న భూతద్దం పెట్టి లెక్కపెట్టడం నా పని. ఎప్పుడూ కుడికన్నుతోనే చూసేదాన్ని. పని మానేశాక కూడా ఆ కన్ను మీద నాకొక గర్వం ఉండేది. ఇంట్లో సూదిలో దారం ఎక్కించాలన్నా, మందు సీసా మీద సన్నక్షరాలు చదవాలన్నా నన్నే పిలిచేవాళ్ళు.

ఇంట్లో నలుగురం. కొడుకు కుమార్ స్పిన్నింగ్ మిల్లులో మెషిన్లు చూసుకుంటాడు. కోడలు నందిని వెనకగదిలో సబ్బులు చేసి అంగళ్ళకు వేస్తుంది. నాలుగో మనిషి సుబ్బమ్మాళ్ వదినె. నా భర్తకు అక్క, డెబ్బై ఎనిమిదేళ్ళు. నా భర్త పోయాక నాకు తోడుగా వచ్చి ఉండిపోయింది.

లావెండర్ నూనె మా ఇంటికి వచ్చింది నందిని సబ్బుల కోసం. నూనెలు తూచి ఇచ్చే పని నాది. ఎలక్ట్రానిక్ త్రాసు, చుక్కలు వేసే గాజు గొట్టం, ఒక నోటుపుస్తకం. మొదటి రోజే నందిని నాకు ఒక నియమం చెప్పింది. ఒంటికి రాసుకోవాలంటే ఒక చెంచా కొబ్బరినూనెకు రెండు చుక్కలు, దాటకూడదు. నేరుగా చర్మానికి తగలకూడదు. లోపలికి తాగకూడదు. నేను దాన్ని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆ నూనె వల్ల మేలు లేదని నేను అనను. బీరువాలో పట్టుచీరల మధ్య ఒక దూది ఉండ పెడితే పురుగు రాలేదు. దోమ కుట్టిన చోట కొబ్బరినూనెలో కలిపి రాస్తే దురద తగ్గేది. దిండు గలీబు మూలన ఒక చుక్క వేసుకుంటే నిద్ర త్వరగా వచ్చేది. అది నిజమా, నా భ్రమా అని తేల్చుకోవడానికి పద్నాలుగు రోజులు చుక్క వేసుకుని, పద్నాలుగు రోజులు వేసుకోకుండా పడుకుని రాసి పెట్టాను. వేసుకున్న రోజుల్లో ఇరవై నిమిషాలు, వేసుకోని రోజుల్లో ముప్పై అయిదు. వదినె ఆ పేజీ చూసి అడిగింది.

"నిద్ర పోయేదానివి గడియారం ఎట్ల చూసినావే?"

రెండు అంకెల పక్కనా 'సుమారు' అని రాసుకున్నాను.

జూలై తొమ్మిదిన తల దువ్వుకుంటుంటే కుడివైపు నుదుటి పైన వెంట్రుకలు ఎవరో ఒక్కొక్కటిగా పట్టి లాగుతున్నట్టు అనిపించింది. అవి ఆషాఢం రోజులు, కొండ గాలి ఎక్కువగా ఉంది. గాలి పట్టిందనుకున్నాను. బుధవారం ఆ చోట దువ్వెన తగిలితే ఓర్చుకోలేకపోయాను. గురువారం, పదకొండో తేదీ, పొద్దున ఆరింటికి ముఖం కడుక్కుంటుంటే వేళ్ళకు నీటిపొక్కులు తగిలాయి. అద్దంలో చూశాను. కుడి కనుబొమ పైన ఒక గుత్తిగా తొమ్మిది ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటి కూడా లేదు.

వదినె దగ్గరకు వచ్చి చూసింది.

"ఇది అక్కి. ఇంగేం చూడాల్సిన పని లేదు. వేలారును పిలిపిస్తాం."

మా వైపు అక్కి అనేదాన్ని డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ ఒంట్లోనే ఎక్కడో దాగి ఉండి, ముసలితనంలో ఒక నరం వెంట బయటికి వస్తుందట. దీనికి మా ఊళ్ళలో కుండలు చేసే వేలారు వచ్చి కావిరాయి అరగదీసి, కోడి ఈకతో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీస్తాడు. దాన్ని అక్కి రాయడం అంటారు. రాసిన తర్వాత మూడు రోజులు నీళ్ళు తగలకూడదు. మా అమ్మకు నడుము మీద వస్తే అలాగే రాశారు, తగ్గింది. వదినెకు భుజం మీద వచ్చినప్పుడూ అంతే. నాకు ఆ పద్ధతి మీద ఎప్పుడూ అనుమానం లేదు.

నందిని మాత్రం ఒప్పుకోలేదు.

"అత్తా, కంటి పక్కన వచ్చినాది. రాసేది రాయనీండి, వద్దనలే. ముందు డాక్టరు కాడికి పోయి వచ్చేద్దాం."

"డాక్టరు మాత్ర ఇచ్చి దాన్ని లోపలికి తోసేస్తాడు," అంది వదినె. "లోపలికి పోతే అది ఎక్కడ తేలుతాదో నీకు తెలుసునా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను వేలారునే పిలవమన్నాను.

సాయంత్రం కరుప్పయ్య వేలారు వచ్చాడు. చాలా పెద్దాయన, ఆచితూచి మాట్లాడతాడు. నా ముఖం చూసి తమిళంలో అన్నది ఇది: కంటికి ఇంత దగ్గర ఎప్పుడూ రాయలేదు, రాస్తాను గానీ ఆసుపత్రిలో ఒకసారి చూపించండి. ఆ మాట అన్నది ఆయనే అని ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను. ఎందుకంటే తర్వాత చాలామంది తప్పు ఆయన మీద వెయ్యాలని చూశారు.

ఆయన కావి అరగదీసి గిన్నెలో నీళ్ళు కలిపి, ఈక కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నందిని వంటింట్లో పాలు కాస్తోంది. వదినె విసనకర్ర కోసం లోపలికి వెళ్ళింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కావి చల్లబరుస్తుంది, లావెండర్ మంటను ఆపుతుంది, రెండూ కలిస్తే ఇంకా మేలు కదా అనుకున్నాను. గిన్నెలో నీళ్ళు ఆరు చెంచాలు ఉంటాయని అంచనా వేశాను. చెంచాకు రెండు లెక్కన పన్నెండు చుక్కలు. లెక్కపెట్టి మరీ వేసి, సీసా కొంగులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఈక నుదుటికి తగలగానే భగ్గున మండింది. తర్వాత చల్లబడింది. ఆ మంట మందు పట్టడం వల్ల అనుకున్నాను. బొమ్మ కనుబొమ దాటి ముక్కు మీదికి దిగింది. గదంతా లావెండర్ వాసన.

"ఏమ్మా నందిని, నీ సెంటు వాసన ఇక్కడి దాకా వస్తా ఉండాది," అంది వదినె.

"సీసాకు మూత పెట్టే ఉండాను పెద్దత్తా," అంది నందిని, అయినా వెనకగది తలుపు మూసి వచ్చింది. నేను కొంగులోని సీసాను ఇంకా బిగించి పట్టుకున్నాను.

శుక్రవారం, శనివారం నేను ప్రశాంతంగా ఉన్నాను. దాన్ని దాచను. ముఖానికి అంత దగ్గరగా ఆ వాసన ఉండేసరికి భయం తగ్గింది, పగలు కూడా కునుకు పట్టింది. నొప్పి ఉంది, కానీ ఎవరికో వచ్చినట్టు దూరంగా ఉంది. కావిరంగు కింద ఎరుపు ఎంత దూరం పాకిందో ఎవరికీ కనబడలేదు. శనివారం మధ్యాహ్నం నందిని నా ముందు చతికిలబడి కూర్చుని నా ముక్కు వైపు చూసింది.

"అత్తా, ముక్కు కొస మీద వాపు ఉండాది. రెప్ప కూడా బరువుగా దించుతా ఉండారు."

"రేపు ఆదివారం కడుగుతాం కదా. అప్పుడు చూద్దాం."

నందిని కుమార్‌ను పిలిచింది. వాడు షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "అమ్మ ఒక దినం చెప్తే ఆ దినమే. దాన్ని మార్చడం నా వల్ల కాదు," అన్నాడు. నందిని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం, పద్నాలుగు. వదినె గోరువెచ్చని నీళ్ళతో కావి కడిగింది. కడుగుతూ కడుగుతూ ఆమె చెయ్యి ఆగిపోయింది. ముక్కు కొస మీద అయిదు పొక్కులు, పై రెప్ప మీద నాలుగు. నుదుటి మీద కావి పూసిన మేర చర్మం పచ్చిపుండులా ఉంది. రెప్ప వేలితో ఎత్తి చూస్తే, తడిసిన గాజుగుడ్డ వెనక నుంచి చూసినట్టు వాకిలి తెల్లగా కనబడింది. ఎడమకన్ను మూసి నా చెయ్యి నేను చూసుకున్నాను. వేళ్ళు లెక్కపెట్టలేకపోయాను.

నందిని చీర మార్చుకుని, ఆదివారం కూడా చూసే డాక్టరు ఎవరో ఫోన్‌లో కనుక్కుని, పన్నెండింటికి నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

"పొక్కులు ఎప్పుడు కనబడినాయి?" అని డాక్టరు అడిగాడు.

"గురువారం పొద్దున ఆరింటికి."

ఆయన వేళ్ళు మడిచేలోగా నేనే చెప్పాను, డెబ్బై ఎనిమిది గంటలని. డెబ్బై రెండు గంటల్లోపల మాత్రలు మొదలుపెడితే మేలు ఎక్కువని, అయినా ఇప్పుడైనా వచ్చారు కదా అని ఆయన అన్నాడు. ముక్కు కొసకు, కంటికి నరం ఒకటేనట. ముక్కు కొస మీద పొక్కు లేచిందంటే ఆ క్షణమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. నందిని నా చెయ్యి పట్టుకుని ఉంది. శనివారం తను చూసి చెప్పింది ఆ ముక్కు కొస సంగతే. ఆ మాట తను గుర్తుచేయలేదు.

మర్నాడు మదురైలో కంటి ఆసుపత్రికి వెళ్ళాము. ఆ హాలులో మొత్తం ఎన్ని గంటలు కూర్చున్నానో తర్వాత కూడి చూశాను, తొమ్మిది విడతల్లో ముప్పై నాలుగు గంటలు. ఏ కన్ను చూడాలో ఆ కన్ను పైన నుదుటి మీద చిన్న చీటీ అంటిస్తారు. నా నుదురు అంటించే స్థితిలో లేదు కాబట్టి చెంప మీద అంటించారు. తర్వాత చుక్కల మందు వేస్తారు, గంటసేపు ఏదీ కనబడదు. వరుసలు వరుసలుగా మనుషులు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటారు.

నా పక్కన ఒక ఆవిడ, ఆవిడ పక్కన భర్త. నందినితో నేను మాట్లాడింది విని ఆవిడ ఇటు తిరిగింది.

"మీరూ మనోళ్ళేనా? మాది మంసాపురం. నా పేరు సీనియమ్మాళ్. మన మొగాలకు ఈ చీటీలు చూడండి, గుడ్డలంగట్లో వెల రాసి పెట్టిన మాదిరి ఉండాము. నన్నైతే సగం వెలకు తళ్ళుబడిలో పెడతారు."

నవ్వితే నుదురు మండింది. అయినా నవ్వాను. భయం తగ్గడానికి సంచిలోంచి చేతిగుడ్డ తీసి వాసన చూసుకున్నాను. దాని అంచున లావెండర్ ఒక చుక్క ఉంది. చిన్న సీసా ఒకటి నందినికి తెలియకుండా సంచిలో వేసుకుని వచ్చాను.

"ఏంది ఆ వాసన? కర్పూరమా?"

"లావెండర్ అని, చలి చోట పెరిగే పొద. దాని పూల నుంచి తీసే నూనె."

"నెమ్మదిగా ఉండాది. కొంచం మా ఆయన చొక్కాకు తుడవండి. ఇంత దూరం బీడీ వాసన పక్కనే కూచోని వచ్చినాను."

ఆవిడ భర్త కళ్ళు మూసుకునే, "నీ నోటికి కూడా ఒక చుక్క వేయించుకో," అన్నాడు.

నందిని కాగితాల కోసం వెళ్ళినప్పుడు నాకు బాత్‌రూముకు వెళ్ళాల్సి వచ్చింది. చుట్టూ అంతా వెలుగు ముద్దగా ఉంది. సీనియమ్మాళ్ అడగకుండానే లేచి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇక్కడ మెట్టు, ఇక్కడ తడి," అని చెబుతూ తీసుకెళ్ళి, బయటే నిలబడి, మళ్ళీ తీసుకొచ్చింది. ఆవిడకు కూడా ఆ పూట చుక్కలు వేసి ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

చుక్కలు వేసే ముందు చదివించే తమిళ అక్షరాల పట్టీ గోడ మీద ఉంటుంది, ఏడు వరుసలు. పైవరుస పెద్దది, పోను పోను సన్నం. ఎడమకన్నుతో ఏడూ చదివాను. కుడికన్నుతో రెండే. డాక్టరు ముప్పై దాటిన అమ్మాయి, తమిళం మాట్లాడుతుంది. నల్లగుడ్డు మీద పొర పుండు పడిందని, చుక్కలు, మాత్రలు వాడితే మానొచ్చని, మచ్చ మిగిలితే చూపు అంతమేరకు తగ్గుతుందని చెప్పింది. చూపు పోతుందా అని అడిగాను. "ఇప్పుడే చెప్పలేను పాటీ, వారం వారం రండి," అంది, తమిళంలో అవ్వను పిలిచే మాటతో.

ఇంటికి వచ్చేసరికి వదినె వాకిట్లో ఉంది. విషయం విని నందినితో అంది.

"నేను ఆ దినమే అనుకున్నాను. ఇల్లంతా ఆ సెంటునూనె ఆవిరి. పుండు మీద అది తగిలే ఇట్ల అయినాది. మా కాలంలో అక్కికి కన్ను పోయినోళ్ళు లేరు."

నందిని నా వైపు చూసింది. నేను చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పి ఉండాలి. తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు తను సీసాలన్నీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టింది. వెనకగదికి తాళం వేసింది. తళవాయిపురం అంగడి నుంచి సబ్బుల కోసం ఫోన్ వస్తే, కొన్నాళ్ళు చేయడం లేదండీ అని చెప్పడం నేను విన్నాను. కుమార్ కారణం అడిగితే, "నా వాసన వల్ల ఒకరికి కన్ను పోతే ఎట్ల?" అంది. తలుపు చాటున పడుకుని అది కూడా విన్నాను. జీవితమంతా తేదీలు, అంకెలు తప్పు రాయలేదని చెప్పుకున్న దాన్ని. నాలుగు గోడల మధ్య ఒక తప్పు లెక్క నడుస్తుంటే పదిహేను రోజులు దిద్దకుండా ఊరుకున్నాను.

దానికి తోడు ఇంకొకటి చేశాను. చిన్న సీసా నా దిండు కిందే ఉంది. వెలుగు చూస్తే కన్ను పొడిచేది కాబట్టి, మధ్యాహ్నం పడుకునేటప్పుడు గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి రెండు కళ్ళ మీద కప్పుకునేదాన్ని. ఆ గుడ్డ మీద ఒక చుక్క. ఒకే ఒక్క చుక్క, నియమం దాటలేదు కదా అనుకునేదాన్ని. ఆ గంటన్నర నాకు రోజంతటిలో దొరికే నెమ్మది. దాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు.

జూలై ఇరవై రెండున మూడు వరుసలు చదివాను. అందరం సంతోషపడ్డాం. ఇరవై తొమ్మిదిన మళ్ళీ రెండే. డాక్టరు యంత్రంలో చాలాసేపు చూసింది. లైటు ఆర్పి, కుర్చీ వెనక్కి జరిపి, నన్ను కాక నందినిని అడిగింది.

"చుక్కలు వేళకు వేస్తున్నారా?"

"ఒక్కటి కూడా తప్పలేదు. అత్త అన్నీ రాసి పెడతారు," అంది నందిని. నా నోటుపుస్తకం తెరిచి చూపించింది. చుక్కల వేళలు, మాత్రల వేళలు, అన్నీ ఉన్నాయి.

"అట్లయితే మానాలి. మానిన పొర మళ్ళీ రేగి ఉంది. ఈ కంటికి వేరే ఏదో తగులుతోంది. నాటు మందా, ఆకు పసరా? ఏదైనా సరే చెప్పండి, కోప్పడను. చెప్పకపోతే నేను తప్పు మందు మారుస్తాను. ఇంకో వారం ఇట్లే పోతే మచ్చ నిలిచిపోతుంది."

ఆ పుస్తకంలో లేనిది అదొక్కటే. నందిని నా తరపున మాట ఇచ్చినట్టు దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

నేను చెప్పాను. గుడ్డ మీద చుక్క సంగతి, అంతకు ముందు కావిలో పన్నెండు చుక్కల సంగతి, రెండూ తేదీలతో సహా. దిండు కింద సీసా ఉందని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ నందిని వైపు చూడలేదు.

డాక్టరు అన్న ప్రకారం కోప్పడలేదు. అలాంటి నూనె ఆవిరి మూసిన రెప్పల సందు నుంచి కూడా కంటిని రేపుతుందని చెప్పింది. పుండు పడిన కన్ను దాన్ని అసలు తట్టుకోలేదట. నుదుటి చర్మం అంతగా ఎందుకు పచ్చిగా అయిందో కూడా తనకు ఇప్పుడు అర్థమైందని అంది. మందు మార్చలేదు. గుడ్డ ఆపమంది, అంతే.

"వాసన మొత్తం మానేయాలా?" అని అడిగాను. ఆ పరిస్థితిలో కూడా అడిగాను.

"దూరంగా పెట్టుకోండి. గదిలో ఇంకో మూలన. కంటి మీదికి, పుండు మీదికి వద్దు."

తిరుగు బస్సులో శ్రీవిల్లిపుత్తూరు దాటేదాకా నందిని కిటికీ వైపే చూస్తూ ఉంది. అప్పుడు అడిగింది.

"పన్నెండు ఎట్ల వచ్చినాది?"

"ఆరు చెంచాల నీళ్ళు. చెంచాకు రెండు."

"లెక్క సరిగానే వేసినారు. నీళ్ళల్లో నూనె కలస్తాదా అత్తా? అదంతా పైన తేలి, ఈకకు అంటుకోని, నేరుగా మీ మొగం మీదికే వచ్చి ఉంటాది."

మూడేళ్ళుగా ఆ నూనెను తూచిన దాన్ని నేను. కొబ్బరినూనె స్థానంలో నీళ్ళు పెట్టి లెక్క చేశానన్న సంగతి ఆ నిమిషం దాకా నాకు తట్టలేదు.

"నీ మీద మాట పడుతుంటే ఊరుకున్నాను," అన్నాను.

"అవును. ఊరుకున్నారు," అంది. ఓదార్పుగా ఇంకేమీ చేర్చలేదు. చేర్చకపోవడమే న్యాయం.

ఇంట్లో కాలు పెట్టి చెప్పులు విప్పకముందే వదినెను పిలిచి చెప్పాను. ఆమె విని, మంచం అంచున కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ ఉండిపోయింది.

"వేలారు చూపించమన్నాడు. వద్దన్నది నేను," అంది చివరికి. "మూడు దినాలు కడగొద్దన్నది నేను. దీంట్లో సగం పంగు నాది. ఏమ్మా నందిని, ఆ డబ్బాలు దించు. లేకుంటే చెప్పు, నేనే నిచ్చెన ఎక్కతాను."

"మీరు ఎక్కితే ఇంగొక ఆసుపత్రి చూడాల పెద్దత్తా," అంది నందిని. పదిహేను రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వాము. పెట్టె మాత్రం ఆ రోజు దిగలేదు. ఇంకో పన్నెండు రోజులకు దిగింది.

గుడ్డ మానేసిన మొదటి వారం కష్టంగా గడిచింది. మధ్యాహ్నాలు పొడుగైపోయాయి. నాలుగో రోజు నందిని గదికి అవతలి మూల కిటికీ ఊచకు ఒక గుడ్డ పీలిక కట్టి, దాని మీద నా చిన్న సీసాలోంచి ఒక చుక్క వేసి వెళ్ళింది. నా మంచానికి ఎనిమిది అడుగుల దూరం. గాలి వీచినప్పుడు వాసన వచ్చేది, ఆగినప్పుడు పోయేది. అది చాలింది.

ఆగస్టు అయిదున మూడు వరుసలు. పంతొమ్మిదిన నాలుగు. సెప్టెంబరు పదహారున అయిదు.

పొక్కులు మానినా నుదుటి నొప్పి పోలేదు. ఫ్యాను గాలి తగిలినా, పైట జారి తగిలినా మంటే. ఇది నెలలు ఉండొచ్చని డాక్టరు ముందే చెప్పింది, దానికి వేరే మాత్ర ఇచ్చింది. సాయంత్రం పూట నందిని చెంచాడు కొబ్బరినూనెలో రెండు చుక్కలు వేసి నా చేతులకు, పాదాలకు రాసేది. నుదుటి జోలికి వెళ్ళేది కాదు. పది నిమిషాల్లో నుదుటి నొప్పి కూడా ఒక మెట్టు దిగేది. అది నూనె గుణమా, మాత్ర గుణమా, తన చేతి గుణమా అని తేల్చాలని ఒక పట్టిక గీశాను. వారం రోజుల తర్వాత ఆ పేజీ వదిలేశాను. మూడూ ఒకే గంటలో వచ్చేవి, విడదీసే దారి నాకు తెలియలేదు.

ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను. లావెండర్ నూనె మంచిదే. ఎదురుచూసే గదిలో కూర్చోవలసి వస్తే చేతిగుడ్డ అంచున ఒక చుక్క ఉంచుకోండి, ముక్కుకు కొంచెం దూరంగా పట్టుకుని పీల్చండి, గుండె దడ తగ్గుతుంది. నిద్రకు, దురదకు, బీరువాకు పనికొస్తుంది. కానీ అది మనిషిని నెమ్మదిపరుస్తుంది. నెమ్మదిపడిన మనిషి జబ్బు తగ్గిందనుకుంటుంది. నాకు పోయిన డెబ్బై ఎనిమిది గంటల్లో నొప్పితో అరిచి ఉంటే నన్ను ఎవరో ఒకరు ఎత్తుకుని వెళ్ళేవాళ్ళు. నేను వాసన పీలుస్తూ హాయిగా పడుకున్నాను. ముఖం మీద అక్కి వస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేలారు చేత తర్వాత రాయించుకోండి, మనసుకు బలం. కన్ను, పుండు, ఈ రెండింటికీ ఏ నూనెనూ దగ్గరికి రానివ్వకండి. రాసుకున్నది, తాగింది, పీల్చింది, ఏదైనా డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాచుకున్న ఒక్క మాట నాకు రెండు వారాల చూపు ఖరీదు చేసింది.

నందిని సబ్బులు మళ్ళీ చేస్తోంది. తూచడం నా పనే. నేను తూచిన తర్వాత తను ఇంకోసారి చూసుకుంటుంది. మొదట్లో అది నాకు కష్టంగా తోచింది. ఇప్పుడు పుస్తకంలో తనకోసం ఒక గడి నేనే గీసి ఇచ్చాను.

నవంబరు పద్దెనిమిదిన ఆఖరిసారి మదురై వెళ్ళాము. ముందు ఎడమకన్ను. ఏడు వరుసలూ చదివాను. తర్వాత దాన్ని మూసి కుడికన్నుతో చూడమన్నారు. ఒకటి నుంచి అయిదు తేలిగ్గా వచ్చాయి. ఆరో వరుసలో ఒక అక్షరం దగ్గర ఆగి, చూసి, చెప్పాను. సరిగ్గానే చెప్పానని డాక్టరు అంది.

"ఏడోది?"

ఏడో వరుస చోట బూడిదరంగు గీత ఒకటి కనబడింది. అందులో ఏ అక్షరాలున్నాయో నాకు తెలుసు. తొమ్మిది సార్లు ఎడమకన్నుతో చదివాను, ఒక నిమిషం ముందే చదివాను, వరుసగా అయిదూ నోటి చివర ఉన్నాయి. గోడ పక్కన నందిని నిలబడి ఉంది, రెండు చేతులూ జోడించి గడ్డం కింద పెట్టుకుని. నేను ఆ అయిదు అక్షరాలు పలికితే తను ఏమంటుందో, ఇంటికి ఫోన్ చేసి వదినెకు ఏం చెబుతుందో నాకు తెలుసు. డాక్టరు కలం ఎత్తి పట్టుకుని ఉంది.

"అంచనాగా చెప్పినా పరవాలేదు పాటీ. చాలామంది అట్లే చెబుతారు."

"అంచనా వద్దమ్మా," అన్నాను. "ఏడోది కనబడలేదు. ఆరు అని రాయండి."